విశ్వాసం గురించి కథ రాస్తున్న అమ్మాయికి

తిరుపతి

అమ్మా,

నీ కథ అందింది. మొదటి సగం చదువుతుంటే ఇది ఎవరో చేయి తిరిగినవాళ్ళు రాసిందేమో అనిపించింది. తోతాపురి మామిడికాయలతో ట్రాక్టరు పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ఆగిపోవడం, వెనక కనుచూపు మేర బండ్లు, 2025 సీజన్లో మీ చిత్తూరు వైపు జరిగింది అదే కదా. కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు అన్నారు. ఆ లెక్క తేలేలోపు బండ్లలో కాయ మెత్తబడింది. నీ రైతు ట్రాక్టరు కింద గోనెసంచి పరుచుకుని పడుకుని, పైనుంచి రసం కారుతుంటే నిద్రలోనే పక్కకు జరుగుతాడే, అక్కడ ఆగిపోయాను. అది ఊహించి రాసేది కాదు.

చిక్కంతా ఆ తర్వాతే. ఆయన ప్రార్థన చేస్తాడు. ఒక్క పేజీలో సందేహం పోతుంది, గేటు తెరుచుకుంటుంది, రేటు పెరుగుతుంది, ఆదివారం చర్చిలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు ఇదని సాక్ష్యం చెబుతాడు. నాకు రాసిన ఉత్తరంలో మాత్రం "విశ్వాసం దేవుని వరం అని చూపించాలనుకున్నాను" అన్నావు. కథ చూపించింది అది కాదమ్మా. గట్టిగా అడిగాడు కాబట్టి రేటు వచ్చింది, రేటు వచ్చింది కాబట్టి నమ్మాడు. అది బేరం. వరం ఎక్కడుంది ఇందులో?

నేనుండేది తిరుపతిలో. అలిపిరి దగ్గర తెల్లవారకముందే జనం మెట్లెక్కడం మొదలుపెడతారు. 3,550 మెట్లు, మోకాళ్ళు పట్టేసినా ఎక్కుతారు. మన క్రైస్తవులు కొందరు దీన్ని చూపించి "వాళ్ళది మొక్కు, మనది కృప" అని తేలిగ్గా తేల్చేస్తారు. మన ఉపవాస ప్రార్థనల్లో కూర్చుని చూడు. వీసా వస్తే ఇంత కానుక, ఆపరేషన్ బాగా జరిగితే మందిరానికి సౌండ్ సిస్టమ్. మొక్కు మన దగ్గర లేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఆ కొండెక్కేవాళ్ళలో ఏమీ అడక్కుండా ఎక్కేవాళ్ళూ ఉంటారు. కాబట్టి నీ కథలో ఆ పక్కింటి అతన్ని, మొక్కు తీర్చుకోవడానికి గుండు చేయించుకుని వచ్చినతన్ని, మూర్ఖుడిగా చూపించడం మానెయ్. నీ రైతు విశ్వాసం గొప్పగా కనబడటానికి అతను చిన్నవాడు కానక్కర్లేదు.

"మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని పౌలు ఎఫెసీయులకు రాశాడు. సండే స్కూల్లో అందరం బట్టీ పట్టిన వాక్యమే. కథ రాసేవాళ్ళకి ఇందులో పెద్ద ఇబ్బంది ఉంది. కథ అంటే ఎవరో ఒకరు ఏదో చేయాలి, కష్టపడాలి, గెలవాలి. ఇక్కడేమో గెలిచేవాడే లేడు. తన వల్ల కలగని దాన్ని పట్టుకుని ఉన్న మనిషిని ఎలా రాస్తావు?

నీ పేరు సంగతి చూడు. ఎవరో పెట్టారు. నువ్వు సంపాదించలేదు, పెట్టిన రోజు నీకు గుర్తు కూడా లేదు. అయినా దానంత నీది ఇంకొకటి లేదు. విశ్వాసాన్ని కూడా అలా రాయాలి. వచ్చిన క్షణాన్ని రాయకు. మెరుపులు, కన్నీళ్ళు, హఠాత్తుగా తేలికపడిన గుండె, ఇవేవీ వద్దు. ఆయన నమ్మాలని గట్టిగా అనుకోవడం ఎప్పుడో మానేశాడు, అయినా రాత్రి పడుకునేముందు నోట్లో ప్రార్థన కదిలింది. అంత చాలు. ఎవరు కదిలించారో చెప్పకు. చదివేవాడు అడుగుతాడు, అడగనీ.

ఇక సందేహం. దీన్ని నువ్వు విలన్‌లాగా తీసుకొచ్చి ఆఖర్లో చంపేశావు. మార్కు సువార్త 9వ అధ్యాయంలో రోగి అయిన కొడుకుతో వచ్చిన తండ్రి ఏమన్నాడో గుర్తుందిగా: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఒకే ఊపిరిలో రెండూ. యేసు ఆయన్ని పక్కకు పిలిచి, ముందు ఆ రెండోది వదిలించుకుని రా అనలేదు. కొడుకుని బాగు చేశాడు. మత్తయి సువార్త చివర్లో ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. తిరిగి లేచిన ప్రభువు ఎదురుగా నిలబడితే శిష్యులు మొక్కారు, "కొందరు సందేహించిరి." ఆ కొందరెవరో మత్తయి చెప్పడు. యేసు వాళ్ళని వేరుగా నిలబెట్టలేదు, సమస్త జనులను శిష్యులుగా చేయమన్న ఆజ్ఞ అందరికీ కలిపే ఇచ్చాడు. కథకురాలిగా ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు కూర్చో. అంత పెద్ద సన్నివేశంలో ఆ మాట రాయాల్సిన అవసరం మత్తయికి ఏముంది? రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?

మీ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో పనిచేసిన ఆర్కాట్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ 1853లో మొదలైంది. దాన్ని నడిపింది అమెరికాలోని రిఫార్మ్డ్ సంఘం, ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ. ఆ సంఘం మూలాలు హాలెండులో. 1618-19లో అక్కడ డోర్ట్ అనే ఊళ్ళో పెద్ద సభ జరిగింది. విశ్వాసం మనిషి ఎంపిక వల్ల పుడుతుందా, దేవుడిచ్చే వరమా అని కొట్టుకున్నారు. వరమేనని తేల్చారు. ఎవరైనా ఆ తీర్మానాలు చదివితే చాలా కఠినంగా అనిపిస్తాయి, నాకూ అనిపించాయి. కానీ అదే తీర్మానాల్లో, విశ్వాసులు ఈ బతుకులో రకరకాల సందేహాలతో పెనుగులాడాల్సి ఉంటుందని, నిశ్చయత అన్ని వేళలా అనుభవంలోకి రాదని కూడా రాశారు. వరమని అంత గట్టిగా చెప్పినవాళ్ళే సందేహానికి చోటిచ్చారు. నా లెక్కలో అది వింతేమీ కాదు. నమ్మకం నా సొంత కష్టమైతే, సందేహం వచ్చిన రోజు నేను ఫెయిలైనట్టే. ఇచ్చినవాడు వేరే ఉంటే, ఆ రోజు కూడా గడుస్తుంది. నీ రైతు టెన్షన్ అంతా ఇక్కడ పెట్టు, రేటు దగ్గర కాదు.

మదర్ థెరిసా రాసుకున్న ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి. ఏళ్ళ తరబడి దేవుడు ఉన్నట్టే అనిపించలేదని అందులో ఉంది. చాలామంది కంగారు పడ్డారు. నాకైతే, ఆమె పొద్దున్నే లేచి పనికి వెళ్ళడం మానలేదన్నదే పెద్ద విషయం.

నీ కథలో రైతు అన్న పాత్ర ఉంది చూశావా, చిన్నప్పుడు తమ్ముడితో కలిసి మోకరించి, ఇప్పుడు మందిరం గడప తొక్కనివాడు. అతనికి రెండే మాటలిచ్చి యాక్సిడెంట్‌లో పడేశావు. మన కథల్లో నమ్మనివాడికి బండి ప్రమాదమో కిడ్నీ జబ్బో తప్పదు, ఎందుకో! అతన్ని లేపి కూర్చోబెట్టు. తమ్ముడిని అడగనీ: "వరమంటున్నావే, నేనూ అడిగినానే, నాకెందుకు ఇయ్యలేదు?" ఈ ప్రశ్నకు తమ్ముడి దగ్గర జవాబు ఉండకూడదు. నీ దగ్గరా ఉండదు. డోర్ట్ సభలో అంతమంది పండితులు కూర్చుని వరమేనని తేల్చినా ఈ ప్రశ్న అందరికీ తెగలేదు, ఇప్పటికీ సంఘాలు రెండు వైపులా ఉన్నాయి. తమ్ముడు గర్వపడటానికి ఏమీ లేదని ఆ ప్రశ్నతోనే తెలుస్తుంది. నీ కథకి అసలు బలం అదే. దాన్ని తొందరపడి మూసెయ్యకు.

భాష గురించి ఒక్క మాట. కాయల దగ్గర నీ రైతు చిత్తూరు మనిషి. ప్రార్థన మొదలుపెట్టగానే కన్వెన్షన్‌లో ప్రసంగించే అయ్యగారు అయిపోయాడు. "సర్వశక్తిగల దేవా, దాసుని మొఱ్ఱ ఆలకింపుము" అని ట్రాక్టరు కింద ఎవరంటారు? "ఏంది నాయనా ఇది, ఇంక నా వల్ల కాదు" అంటాడు. అతనికి బైబిలు భాష రావాలంటే హబక్కూకు ప్రవక్త మాటలు గుర్తు రానీ, పొలం ఉన్నవాడికి అది ఎలాగూ గుర్తుంటుంది: అంజూరపు చెట్లు పూయకుండినను, ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను... అక్కడిదాకా వచ్చి తర్వాతి మాట నోటికి రాక ఆగిపోనీ. "నేను యెహోవాయందు ఆనందించెదను" అనేది అతను ఇప్పుడు అనలేడు. ఆ ప్రవక్తకి కూడా అంజూరాలు వచ్చాయని ఎక్కడా లేదు.

కాబట్టి ఆ రేటు పెంచడం తీసెయ్. గేటు తెరుచుకోవచ్చు, సగం కాయ పారబోశాక. సాక్ష్యం సీను మొత్తం తీసెయ్, ఏడుస్తావని తెలుసు, అయినా తీసెయ్. మార్చి రాసింది నేరుగా పత్రికకు పంపకుండా ముందు నాకు పంపు. వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపకు, నా కళ్ళకు ఆనవు. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పోస్టు చెయ్.

మీ నాన్నగారికి వందనాలు చెప్పు. ఈసారి కాపు ఎలా ఉందో రాయి.

ప్రభువునందు,
మీ మామయ్య