‘దుండగులు’ కొట్టెయ్

కర్నూలు

నాయనా,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివినాను. ముసలమ్మ ఏరు దాటే పుట్టి ఎక్కే సీను బాగుంది. మిగతాది చదువుతుంటే కోపమొచ్చింది. 1948 నాటి హైదరాబాదు కథ రాస్తూ ‘దుండగులు’ అనే మాట పద్నాలుగు చోట్ల వాడినావు, లెక్కబెట్టినాను. వాళ్లకు పేరు లేదు, పార్టీ లేదు, ఏం కావాలో లేదు. ఎక్కడినుంచో వస్తారు, ఇండ్లు తగలబెడతారు, పోతారు. ‘రాజకీయాలు పెడితే జనం రెండుగా చీలుతారు’ అని ఉత్తరంలో రాసినావు. జనం అప్పుడే చీలినారు కదా, నీ కథ పుట్టిందే ఆ చీలికలో!

రజాకార్లు అని రాయి. వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ అని రాయి. ఆ వెంటనే షోయబుల్లా ఖాన్ పేరు కూడా రాయి. ‘ఇమ్రోజ్’ పత్రిక నడుపుతూ, హైదరాబాదు భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన్ను రజాకార్లు కాల్చి, నరికి చంపినారు. ఆయన ఒక్కడు తెర మీదికొస్తే చాలు, ‘వాళ్లూ మనమూ’ అనే సులువు లెక్క నిలవదు. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోవడంతో నీ సినిమా అయిపోయింది. ఆ తర్వాత పల్లెల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ ఏమైంది? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, చచ్చినోళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని రాసింది. ఆ నివేదికను దశాబ్దాలు బయటపెట్టలేదు. నిజాం మీద తుపాకి పట్టిన కమ్యూనిస్టుల మీదికే తర్వాత భారత సైన్యం పోయింది. 1951 దాకా ఆ పోరు ఆగలేదు. ఇవేవీ నీ స్క్రిప్టులో లేవు.

సెన్సారు భయమంటావా, దేశవిభజన మీద తీసిన ‘గరం హవా’ సినిమాను నెలల తరబడి ఆపినారు. తర్వాత జాతీయ సమైక్యత అవార్డు దానికే ఇచ్చినారు.

ఈ ‘దుండగులు’ మీద నాది పాత పగ. 1983లో నా కథలో ‘రజాకార్లు’ కొట్టేసి ‘దుండగులు’ అనీ, ‘మిలిట్రీ’ కొట్టేసి ‘కొందరు’ అనీ దిద్ది అచ్చేసినాడు ఒక వారపత్రిక ఎడిటరు. నన్నొక మాట అడగలేదు. అది చదివి వినిపిస్తే మా అవ్వ ‘నేను చెప్పింది ఇది కాదు కదరా’ అనింది. ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అవ్వ చెప్పింది ఇది. 1948 ఎండాకాలం, తుంగభద్ర ఎండినప్పుడు, ఏటికి అవతల నిజాం హద్దులోని ఆలంపూరు దిక్కునుంచి ఇసుకలో నడిచి ఒక కుటుంబం వచ్చింది, రజాకార్లకు భయపడి. సెప్టెంబరు ఆఖర్లో ఏరు నిండుగా పారుతుంటే పుట్టిలో ఇంకో కుటుంబం దిగింది. వాళ్లు ముస్లింలు. ఆ తల్లి చేతిలో పాత చీరలో చుట్టిన రొట్టెపెనం ఒక్కటే ఉందంట. రెండు కుటుంబాలూ మా వసారాలోనే తలదాచుకున్నాయి. ‘ఎవరు చేసినారమ్మా?’ అని అవ్వ ఇద్దరినీ అడిగింది. ఇద్దరూ పేర్లతో సహా చెప్పినారు. పోతూ పోతూ ఆమె పెనాన్ని మా ఇంట్లోనే వదిలిపోయింది. అంచు ఒకచోట విరిగి ఉండేది. దాని మీద కాల్చిన జొన్నరొట్టెలు తినే నేను పెరిగినాను.

ప్రొడ్యూసర్ల సంగతి అడిగినావు, అది తర్వాత. నీ ముసలమ్మ పుట్టి ఎక్కుతుంది గానీ ఎవరికి భయపడి ఎక్కిందో నువ్వు చెప్పలేదు. ముందు అది రాసి పంపు.