అల్లుడూ, పండుగప్ప కోసం వచ్చే ముందు ఇది చదువు

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. సంక్రాంతి సెలవులకి ఇద్దరు స్నేహితులతో వచ్చి, మన ఉప్పుటేళ్లలో పండుగప్ప చేపకి గాలం వేస్తావట. కొత్త రాడ్డూ రీలూ కొన్నావట. "అన్నయ్యా, వద్దని నువ్వే చెప్పు" అంది. ఎలా చెప్పను? మన ఇంట్లో నా తర్వాత గాలం పట్టినవాడు లేడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు సంతోషంగా ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

సామాను సంగతి నీకు తెలిసే ఉంటుంది. కొక్కెం దగ్గర మూరెడు పొడవున మందపు దారం కట్టు. పండుగప్ప మొప్ప రేకు బ్లేడులా ఉంటుంది, సన్నదారం తెగుతుంది, వేలూ తెగుతుంది. ఎరకి బతికున్న రొయ్య మంచిది.

పండుగప్ప తిరుగుతూ వేటాడే రకం కాదు, మాటు వేసే రకం. మునిగిన దుంగ పక్కనో, మడ వేళ్ల నీడలోనో, చిన్న పాయ పెద్ద పాయలో కలిసే మూలనో, ఒరవడికి ఎదురుగా మూతి పెట్టుకుని నిలబడుతుంది. పోటు వచ్చినప్పుడు రొయ్యపిల్లలు, చిన్న చేపలు మడ చెట్ల మొదళ్లలోకి ఎక్కేస్తాయి. ఆటు మొదలైతే నీళ్లతో పాటు అవీ దిగక తప్పదు. ఇరుకు పాయ నోటి దగ్గర పండుగప్ప కాచుకుని ఉంటుంది. అందుకే నీళ్లు తీయడం మొదలయ్యాక చేప బాగా పడుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఇంకా జోరు.

నా భయం కూడా అక్కడే.

నాకు పంతొమ్మిదేళ్లు. పౌర్ణమి మర్నాడు, సాయంత్రం. మీ అమ్మకి అప్పుడు పదేళ్లు, నేనూ వస్తానని ఏడిస్తే నావలో కూర్చోబెట్టుకున్నాను. ఒక పాయ లోపల చేపలు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. "అన్నయ్యా, వేళ్లు బయటికి వచ్చేస్తున్నాయి" అని అది రెండుసార్లు చెప్పింది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ నేను లోపలికే పోయాను. తల తిప్పి చూసేసరికి నావ అడుగు బురదకి ఆనింది. నేను నెడితే కదులుతుందనుకున్నాను. దిగాను.

మొదటి అడుగుకి మోకాలు. రెండో అడుగుకి తొడ. కాలు పీకుదామని రెండో కాలు అదిమితే అదీ దిగిపోయింది. ఉప్పుటేటి బురద పట్టుకుంటే వదలదురా. ఎంత తన్నుకుంటే అంత లోపలికి లాగుతుంది. నడుము దాకా పోయాక నాకు గొంతు రాలేదు. మీ అమ్మ ఏడవలేదు. నావలో కూర్చునే పలక ఊడదీసి నా ముందుకి జార్చింది. గడ అడ్డంగా పడేసింది. పలక మీద బోర్లా పడుకుని, ఛాతీ బరువంతా దాని మీద వేసి, ఒక్కో కాలూ నెమ్మదిగా ఊపుకుంటూ బయటికి తెచ్చుకున్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. చంద్రుడు బాగా పైకి వచ్చేశాడు. మళ్లీ పోటు వచ్చి నావ తేలేదాకా ఇద్దరం చలికి వణుకుతూ ఆ పాయలోనే ఉన్నాం. అది నా చొక్కా అంచు వదల్లేదు.

ఇంట్లో చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టు అది ఇప్పటికీ తప్పలేదు, అందుకే నీకు కారణం చెప్పకుండా వద్దంటోంది. మొండితనమని దాన్ని విసుక్కుని ఉంటావు. విసుక్కోకు.

కాబట్టి విను. పాయలోకి వెళ్లగానే ఒక మడ వేరుకి నీటి అంచు దగ్గర గుడ్డ పీలిక కట్టు. నీళ్లు దానికి జానెడు దిగితే గాలం చుట్టేయ్, చేప కొరుకుతున్నా సరే. పోటు రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, నిన్నటి టైము చూసుకుని బయలుదేరకు. ఎంత తేలికైన పని అనిపించినా నావ దిగకు. ఎవరైనా దిగబడితే నిలబడొద్దు, పడుకోమని చెప్పు. తిల్ల చెట్టు కొమ్మ విరవకు, ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుంది. కోరంగి అభయారణ్యం హద్దులోకి పోకండి, అక్కడ వేట నిషేధం.

ఇంకో మాట. పండుగప్ప ముందు మగదిగా పెరిగి, కొన్నేళ్లు పోయాక ఆడదవుతుంది. బాగా పెద్దది పడితే అది తల్లిచేపే అయి ఉంటుంది. ఫోటో తీసుకుని నీళ్లలోకి వదిలేయ్. రెండు మూడు కిలోలది ఇంటికి తీసుకురా. మీ అత్త చింతకాయ వేసి పులుసు పెడుతుంది.

మీ స్నేహితులకి ఈత వచ్చో రాదో అడుగు. రాకపోతే ఒడ్డునే ఉండమను, మొహమాటపడకు. లైఫ్ జాకెట్లు మూడు కాదు, నాలుగు తీసుకురా. నాలుగోది నాకు. మోకాళ్లు నొప్పులే కానీ నావలో కూర్చోవడానికి ఏం ఇబ్బంది లేదు. ఆ పలక ఇంకా అటక మీదే ఉంది. రేపు దింపి కడిగి ఉంచుతాను.

మీ మావయ్య