ఓవెన్ ఆన్ చేస్తే ఇల్లంతా కరెంటు పోతోంది!

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెడుతున్నాను. వంటింటి సందేహాలు కుప్పపడ్డాయి, అందులోనూ లక్షలు పోసి కొన్న సామాను గురించినవే ఎక్కువ. చాలా ఉత్తరాల్లో సర్వీసు మనిషి చెప్పిన మాట ఒకటే: "బోర్డు పోయింది సార్." నిజంగా ఆ బోర్డు, అంటే సామాను లోపలి ఎలక్ట్రానిక్ సర్క్యూట్, పోయిన ఇళ్లూ ఉంటాయి. కానీ వీటిలో చాలావాటికి జవాబు బోర్డులో లేదు. వైరులోనో, నీళ్లలోనో, గోడకి కొట్టిన కన్నంలోనో ఉంది.

ప్రశ్న: మాడ్యులర్ కిచెన్‌తో పాటు బిల్టిన్ ఎలక్ట్రిక్ ఓవెన్ పెట్టించాం. క్రిస్మస్‌కి కేకు చేశాక మళ్లీ ముట్టుకోలేదు. మొన్న వానల్లో ఆన్ చేస్తే ఇల్లంతా కరెంటు పోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. సర్వీసు అబ్బాయి మీటరు పెట్టి చూసి, హీటరు బాగానే ఉంది, బోర్డు మార్చాలి, 18 వేలవుతుంది అన్నాడు. మార్పించమంటారా? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అప్పుడే వద్దు. ముందు ఇంటి మెయిన్ స్విచ్‌లుండే డీబీ బాక్సు తెరిచి ఏ స్విచ్ పడిపోతోందో చూడండి. సన్నటి ఎంసీబీ పడితే లోడు ఎక్కువైనట్టు, లేదా షార్టు అయినట్టు. 'టెస్ట్' అని చిన్న బటన్ ఉండే వెడల్పాటిది పడితే అది ఆర్‌సీసీబీ. ఇల్లంతా పోతోందంటున్నారు కాబట్టి దాదాపు ఇదే అయ్యుంటుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి వస్తోందా లేదా అని ఇది కాపలా కాస్తుంది. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లవి. తేడా అంతకు చేరకుండానే పడిపోతాయి. అంటే మీ ఓవెన్‌లో కరెంటు ఎక్కడో బాడీకి, అక్కడ్నుంచి ఎర్త్‌కి కారుతోంది.

మొదట అనుమానించాల్సింది హీటర్నే. చూడ్డానికి కడ్డీలా ఉంటుంది కానీ అది గొట్టం. లోపల సన్నటి తీగ చుట్ట, తీగకీ గొట్టానికీ మధ్య గట్టిగా దట్టించిన తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. ఆ పొడి వేడిని బయటికి పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. దాంతో వచ్చిన చిక్కల్లా తేమను పీల్చుకోవడమే. తరచూ వాడే ఓవెన్‌లో ఆ తేమ ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో నెలల తరబడి వదిలేసి, వానాకాలంలో ఒక్కసారిగా ఆన్ చేస్తే ఇలాగే అవుతుంది.

మరి మీటరు పెట్టి బాగుందన్నాడే అంటారా? అతను చూసింది తీగ తెగిందా లేదా అని. 2,000 వాట్ల హీటరు రెండు కొసల మధ్య మీటరు పెడితే 26 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. తేమ పట్టినా అంతే చూపిస్తుంది. పెట్టాల్సింది తీగ కొసకీ గొట్టానికీ మధ్య. అదీ మామూలు మల్టీమీటరు కాదు, 500 వోల్టులు పంపి చూసే మెగ్గర్. మెగ్గర్ లేకుండా వచ్చి బోర్డు పోయిందన్నాడంటే అది ఊహే.

మీరు కూడా కొంత చూడొచ్చు. ఓవెన్‌ని లైటు మాత్రమే వెలిగే మోడ్‌లో పెట్టండి. తర్వాత వేడి లేకుండా ఫ్యాన్ తిరిగే డీఫ్రాస్ట్ మోడ్. ఈ రెండింటికీ కరెంటు పోకుండా, కింది హీటరు వేయగానే పోతే దొంగ దొరికినట్టే. పై హీటరు, వెనక ఫ్యాన్ చుట్టూ ఉండే హీటరు కూడా అలాగే ఒక్కొక్కటిగా చూడండి. ఏ మోడ్‌లో పోతోందో రాసిపెట్టుకుని సర్వీసు వాళ్లకి చెప్పండి. హీటరు విప్పి, ఆరబెట్టి, మళ్లీ మెగ్గర్ పెడతారు. రీడింగు రాకపోతే కొత్త హీటరు వేయించుకోండి, బోర్డుతో పోలిస్తే చాలా తక్కువే అవుతుంది. బాగయ్యాక వానాకాలమంతా రెండు వారాలకోసారి ఖాళీ ఓవెన్‌ని 150 డిగ్రీల దగ్గర ఓ పావుగంట వేసి ఉంచండి.

ఇంకో మాట. "ఎర్త్ వైరు తీసేస్తే పడదు మేడమ్" అనే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. నిజమే, పడదు. ఆ కారే కరెంటు మీరు తలుపు పట్టుకునేదాకా ఆగుతుంది. అలాంటివాడికి మజ్జిగ ఇచ్చి పంపేయండి.

ప్రశ్న: మాది మియాపూర్‌లో బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు నీళ్లు. డిష్‌వాషర్ కొని ఏడాది కాలేదు, గాజు గ్లాసుల మీద తెల్లటి పొర, స్టీలు కంచాల మీద మచ్చలు. ఉప్పు వేస్తూనే ఉన్నాం. మిషన్‌దే లోపమా?

జవాబు: ముందు ఒక గ్లాసు మీద నిమ్మరసం రాసి, ఐదు నిమిషాలాగి తుడవండి. పొర పోతే అది నీళ్లలోని సున్నం. పోకపోతే గాజే అరిగిపోయింది, ఇక అది రాదు.

సున్నమే అయితే, ఉప్పు వేయడం ఒక్కటే చాలదు. డిష్‌వాషర్ అడుగున రెజిన్ నింపిన చిన్న తొట్టి ఉంటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అక్కడ చిక్కుకుంటాయి. రెజిన్ నిండిపోయినప్పుడు ఉప్పునీళ్లతో దాన్ని కడిగి మళ్లీ సిద్ధం చేస్తుంది మిషన్. ఎన్ని కడుగుళ్లకోసారి అలా చేయాలో మీరు పెట్టిన హార్డ్‌నెస్ (నీళ్ల కాఠిన్యం) సెట్టింగును బట్టే దానికి తెలుస్తుంది. ఇన్‌స్టలేషన్ రోజున ఆ సెట్టింగు ముట్టుకోకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కంపెనీ నుంచి వచ్చిన సెట్టింగు మన బోర్లని తలుచుకుని పెట్టింది కాదు.

కాబట్టి హార్డ్‌నెస్ స్ట్రిప్ కొని నీళ్లలో ముంచి చూడండి. టీడీఎస్ పెన్ను పనికిరాదు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి చెబుతుంది, కాఠిన్యం ఎంతో విడిగా చెప్పదు. చాలా మిషన్లలో లెక్క జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది. స్ట్రిప్‌లో వచ్చిన పీపీఎంని 17.8తో భాగించండి. 500 పీపీఎం వస్తే 28 డిగ్రీలు. మాన్యువల్లో ఆ అంకెకు ఏ సెట్టింగు రాశారో అది పెట్టండి. ట్యాంకరు మొదలయ్యే నెలలో మళ్లీ ఒకసారి ముంచి చూసుకోండి.

వేసేది డిష్‌వాషర్ ఉప్పేనా? అయోడిన్ ఉప్పు, ఉండకట్టకుండా ఏవో కలిపే టేబుల్ సాల్ట్ వద్దు. మన కళ్లుప్పు చవకే కానీ అందులో మట్టి ఉంటుంది, ఏ కాల్షియం, మెగ్నీషియంలను వదిలించుకోవాలని చూస్తున్నామో అవీ ఉంటాయి. ఉప్పు నింపేది కూడా కడగడానికి కాస్త ముందే. నింపి రాత్రంతా వదిలేస్తే ఒలికిన ఉప్పునీళ్లకి లోపలి స్టీలు తుప్పు పడుతుంది.

ప్రశ్న: మా డిష్‌వాషర్ ఈ15 అని చూపించి ఆగిపోతోంది. పంపు గుర్రుమంటూనే ఉంటుంది. (నెల్లూరు)

జవాబు: బాష్, సీమెన్స్ మిషన్లలో ఈ కోడ్‌కి అర్థం అడుగు ట్రేలోకి నీళ్లు చేరాయని. అక్కడ థర్మోకోల్ ముక్క ఒకటి ఉంటుంది. నీళ్లకి అది పైకి తేలగానే స్విచ్ నొక్కుకుని మిషన్ అన్నీ ఆపేసి, పంపుతో నీళ్లు తోడడం మొదలుపెడుతుంది. ప్లగ్గు తీసి, నీళ్ల కుళాయి కట్టేసి, ఇద్దరు పట్టుకుని మిషన్‌ని వెనక్కి వంచితే ట్రేలో నీళ్లు కారిపోయి కోడ్ పోతుంది. పోయింది కోడే, కారణం కాదు. పౌడరు అయిపోయిందని గిన్నెలు తోమే లిక్విడ్ పోశారా? ఆ నురగ పొంగి కిందికి దిగుతుంది. అదేం లేకుండా మళ్లీ వస్తే ఎక్కడో లీకు ఉన్నట్టు, అడుగు ప్యానెల్ విప్పించి చూపించండి.

ప్రశ్న: విజయవాడలో కొత్త ఫ్లాటు. నాలుగు జోన్ల ఇండక్షన్ హాబ్ పెట్టించాం. రెండింటి మీద ఒకేసారి వండితే ఎంసీబీ పడిపోతోంది. హాబ్ మార్చమని గొడవ చేస్తే షాపువాళ్లు వినడం లేదు.

జవాబు: ఈసారి షాపువాళ్ల పక్షమే. హాబ్ కింద అంటించిన ప్లేటు మీద 7,200 వాట్లో 7,400 వాట్లో రాసుంటుంది చూడండి. గీజరుకి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్‌కి 230 వోల్టుల దగ్గర 3,680 వాట్లే గరిష్ఠం. మీ ఎలక్ట్రీషియన్ దానికే కలిపేసి ఉంటాడు. డీబీ నుంచి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 32 ఆంపియర్ల ఎంసీబీ వేయించండి. అంతకుముందు మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎన్ని కిలోవాట్లో చూసుకోండి. రెండో మూడో ఉంటే లోడ్ పెంచమని డిస్కంకి దరఖాస్తు పెట్టాలి. గోడలు పగలగొట్టే ఓపిక ఇప్పుడు లేకపోతే, చాలా హాబ్‌లలో మొత్తం పవర్‌ని పరిమితం చేసే సెట్టింగు ఉంటుంది. 3 కిలోవాట్ల చుట్టుపక్కల పెట్టుకోండి. అన్నం కాస్త నెమ్మదిగా ఉడుకుతుంది, అంతే.

ప్రశ్న: చిమ్నీ 1,200 సక్షన్ అన్నారు. పోపు పెడితే హాల్లో దగ్గులు.

జవాబు: గోడలో పైపు ఎంత లావుందో చూడండి. చిమ్నీ నోరు ఆరంగుళాలుండగా, బిల్డరు వదిలిన నాలుగంగుళాల పీవీసీ పైపులోకి దూర్చి ఉంటే గాలి పోయే దారి సగం కంటే తక్కువకి పడిపోయింది. మోటారు చప్పుడు మాత్రం పెరుగుతుంది. ఆరంగుళాల కన్నం, వీలైనన్ని తక్కువ వంపులు ఉండాలి. వంట చేసేటప్పుడు ఎక్కడో ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచండి. గాలి లోపలికి రాకపోతే బయటికి ఏం పోతుంది!

ప్రశ్న: వరంగల్‌లో ఉంటాం. డబుల్ డోర్ ఇన్వర్టర్ ఫ్రిజ్. నాలుగు నెలలకోసారి గ్యాస్ నింపుతున్నారు. ప్రతిసారీ డబ్బులే.

జవాబు: ఫ్రిజ్‌లో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే కారుతోందని అర్థం. లీకు పట్టకుండా నింపడమంటే డబ్బులు గాల్లోకి వదలడమే. నైట్రోజన్ ఎక్కించి ప్రెజర్ నిలబడుతోందా చూడాలి, లీకు మూయాలి, ఫిల్టర్ డ్రయ్యర్ మార్చాలి, వాక్యూమ్ పంపు పెట్టాలి, ఆ తర్వాతే గ్యాస్.

మీ ఫ్రిజ్ వెనక స్టిక్కరు మీద ఆర్600ఏ అని ఉంటే ఇంకాస్త జాగ్రత్త. అది ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. ఎన్ని గ్రాములో ఆ స్టిక్కరు మీదే ఉంటుంది. పదుల గ్రాముల లెక్క కాబట్టి తూకం వేసి నింపాలి, గేజీ చూసి అందాజుగా కాదు. లోపల గ్యాస్ ఉండగా టార్చి వెలిగించే మెకానిక్‌ని ఆపేయండి. "ఇది దొరకదు సార్, 134 వేస్తా" అంటే అసలొద్దు. ఆ కంప్రెసరు, అందులోని ఆయిలు వేరే గ్యాస్ కోసం చేసినవి.

ప్రశ్న: డాలస్ నుంచి మా కోడలు స్టాండ్ మిక్సర్, పెద్ద బ్లెండర్, మైక్రోవేవ్ కంటైనర్‌లో పంపింది. గుంటూరులో వాడుకోవచ్చా?

జవాబు: మొదటి రెండూ వాడుకోవచ్చు, మూడోది వద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు దించుతుంది కానీ హెర్ట్జ్ మార్చలేదు. బ్రష్‌లుండే మోటార్లకి ఆ తేడా పెద్దగా పట్టదు. ఇలాంటి మిక్సర్లు, బ్లెండర్లలో చాలావరకు అవే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ని సామాను వాటేజీకి సరిగ్గా కాకుండా పైన తీసుకోండి. 1,400 వాట్ల బ్లెండర్‌కి 2,000 వీఏకి తగ్గొద్దు. ప్రయాణాల్లో వాడే అరచేతి కన్వర్టర్ల జోలికి పోకండి. మైక్రోవేవ్ లోపల మాత్రం 60 హెర్ట్జ్ కోసం చుట్టిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండొచ్చు, గడియారం కూడా ఆ లెక్కతో నడవొచ్చు. 50 దగ్గర ఆ ట్రాన్స్‌ఫార్మర్ విపరీతంగా వేడెక్కుతుంది. కోడలికి థ్యాంక్స్ చెప్పి ఇక్కడొకటి కొనుక్కోండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో విల్లా రీమోడలింగ్‌లో తీసేసిన జర్మన్ ఓవెన్, ఫ్రిజ్ రీఫర్బిష్ చేసి సగం ధరకి ఇస్తామంటున్నారు. కొనొచ్చా?

జవాబు: కొనొచ్చు. ఫొటోలు చూసి మాత్రం కాదు, కరెంటు పెట్టి పని చేస్తుండగా చూసి కొనండి. ఓవెన్ తలుపు తెరిస్తే లోపలి అంచు మీద మోడల్, సీరియల్ నంబర్లుంటాయి. అవి చదివి కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రెండే అడగండి: ఈ మోడల్‌కి ఇండియాలో హీటరు, తలుపు గాస్కెట్ (రబ్బరు అంచు), బోర్డు దొరుకుతాయా? వారంటీ మిగిలుంటే కొత్త ఓనరుకి వస్తుందా? జవాబు తడబడితే సగం ధర కూడా ఎక్కువే. తర్వాత మీ కిచెన్‌లో కార్పెంటరు కోసిన ఖాళీ కొలవండి, వెనక గాలి ఆడే జాగాతో సహా. ఫ్రిజ్ తలుపులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారివస్తే గాస్కెట్ పోయినట్టే. తెచ్చేటప్పుడు ఆటోలో పడుకోబెట్టి తెస్తే నిలబెట్టిన వెంటనే ఆన్ చేయకండి, కొన్ని గంటలు వదిలేయండి.

మర్చిపోయే విషయం ఇంకోటి: వైఫై ఉన్న సామాను పాత ఓనరు ఫోన్‌లోని యాప్‌కి కట్టేసి ఉంటుంది. డబ్బు ఇచ్చే ముందే వాళ్ల యాప్‌లోంచి తీయించి ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. మీ ఇంట్లో వైఫై దొరకట్లేదంటే చాలావరకు అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే చూడగలదు. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌ని కాసేపు ఆపి జత చేస్తే సరి.

స్పేర్ పార్టులు ఇవ్వకుండా కొత్తది కొనమని కంపెనీలే ఒత్తిడి చేస్తే ఏం చేయాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మొదలుపెట్టిన రైట్ టు రిపేర్ పోర్టల్ ఉంది. అందులో చేరిన కంపెనీల సర్వీసు, వారంటీ, విడిభాగాల వివరాలు ఒకచోట దొరుకుతాయి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులో మాట్లాడొచ్చు. బిల్లు, సీరియల్ నంబరు, సర్వీసు మనిషి రాసిచ్చిన జాబ్ షీటు దగ్గర పెట్టుకుని చేయండి. జాబ్ షీటు ఇవ్వకుండా నోటిమాటగా "బోర్డు పోయింది" అని వెళ్లిపోయినవాళ్లని వెనక్కి పిలిచి రాయించుకోండి.