మట్టి ఇంటికి ఏసీ కొనే ముందు పైకప్పు సంగతి చూడండి

కోనసీమలో మీ అమ్మానాన్నలు ఉండేది తాతగారి నాటి మట్టిగోడల పెంకుటిల్లు, ఉక్కపోతకు రాత్రుళ్లు నిద్ర ఉండట్లేదు, లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకుని గోడలకు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి ఏసీ పెట్టిద్దామా అని మీరు అడిగారు. వద్దండి. లోన్ అసలే వద్దు.

మే నెలలో 210 యూనిట్లు కాలుతున్నాయన్నారు కదా, రాత్రికి 8 గంటలు ఏసీ వేస్తే ఇంకో 200 కలిసినా, 225 దాటగానే యూనిట్ 8.75 రూపాయలు కాబట్టి బిల్లు దాదాపు 1,700 పెరుగుతుంది, ఆ పైన ఈఎంఐ. అంతా చేస్తే చల్లగాలి పెంకుల సందుల్లోంచి బయటికే పోతుంది.

సిమెంట్ మాట వింటేనే నాకు బాధ. మా అమ్మమ్మగారింట్లో మేమూ అదే చేశాం. మట్టిగోడ నేలలోంచి చెమ్మ పీల్చుకుని గాలికి వదిలేస్తూ ఉంటుంది, పైన సిమెంట్ పూస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. మూడో వానాకాలానికి గోడను వేలితో కొడితే డొల్లగా మోగింది, పెచ్చు ఊడదీస్తే వెనక మట్టి తడిపిండిలా చేతికొచ్చింది. సున్నమే వేయించండి.

వేడి ఎక్కువగా దిగేది పైనుంచే. పగిలిన పెంకులు మార్పించి, వాసాల కింద వెదురు తడకలతో సీలింగ్ కొట్టించండి, ఆ పైన వేడిగాలి పోవడానికి రెండు వైపులా సందు వదలమనండి. పడమటి గోడకు ఎండ తగలకుండా చూరు రెండడుగులు ముందుకు దింపితే సాయంత్రానికే తేడా తెలుస్తుంది. కూలర్ జోలికి మాత్రం పోకండి, అక్కడి తేమలో ఒంటికి ఇంకా జిగటే.

తర్వాత ఫ్యాన్లు. పాతది 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకు 16 గంటలు తిరిగితే ఒక్కోదానికి నెలకు 21 యూనిట్లు మిగులుతాయి, మూడు ఫ్యాన్లకు సుమారు 9,000 పెట్టినా మూడేళ్లలోపే తిరిగొచ్చేస్తుంది.

సోలార్‌కు కేంద్రం వాళ్ల సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000 సబ్సిడీ ఉంది, నిజమే. కానీ పాత వాసాలు ఆ బరువు మోస్తాయో లేదో వడ్రంగికి చూపించాలి, మీరు చెప్పిన కొబ్బరిచెట్ల నీడ ప్యానెళ్ల మీద పడితే కరెంటు సగం కూడా రాకపోవచ్చు. ఆ నీడ అడ్డమని చెట్లు కొట్టించకండి, ఇంటిని చల్లగా ఉంచుతున్నది అవే.

ఫ్యాన్లు ఈ నెల జీతంలో కొనేయండి. కప్పు పనికి ఇద్దరు మేస్త్రీల దగ్గర అంచనా తీసుకుని, ఈఎంఐ కట్టాలనుకున్న డబ్బునే బ్యాంకులో నెలనెలా దాచుకునే ఆర్‌డీ ఖాతాలో వేయండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పని మొదలుపెడితే వేసవి లోపు సున్నం కూడా ఆరిపోతుంది.