వేరు కొసలో పదహారు, గింజలో మూడు మొలకలు

ప్రశ్న: ఉల్లిగడ్డ వేరు స్లైడు నాలుగుసార్లు చేశాను. పొడుగాటి ఖాళీ గళ్లే కనిపిస్తున్నాయి, క్రోమోజోములు లేవు. తప్పెక్కడ?
– ఇంటర్ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: పొడుగాటి గళ్లు కనిపించాయంటే కొసను వదిలేసి పైభాగాన్ని నలిపారన్నమాట. కణాలు చీలేది చివరి రెండు మూడు మిల్లీమీటర్లలోనే. ఆ పైన సాగడమే తప్ప చీలడం ఉండదు. రంగు పట్టాక కొస ముదురుగా, మిగతాది లేతగా కనిపిస్తుంది. ముదురు ముక్క ఉంచి మిగతాది బ్లేడుతో కోసి పారేయండి. సెంటీమీటరు ముక్కను అలాగే నలిపితే కావలసిన కణాలు ఆ గుంపులో దొరకవు.

గడ్డకున్న ఎండు వేర్లు గీకేసి, అడుగు మాత్రమే నీటికి తగిలేలా గ్లాసు మీద నిలపండి. నీడలో ఉంచి రోజూ నీళ్లు మార్చాలి. మన ఎండలకు వేడెక్కిన నీళ్లలో వేర్లు కుళ్లుతాయి. వేర్లు రెండు సెంటీమీటర్లయ్యాక ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య కోసి, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం, మూడు వంతులు ఆల్కహాలు కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచండి. ఆ ద్రవం అప్పటికప్పుడు కలిపిందే కావాలి. నిల్వ ఉంటే రెండూ చర్య జరిపి ఎస్టరుగా మారతాయి, పట్టు తగ్గుతుంది.

తర్వాత స్లైడు మీద ఎన్/10 గాఢత గల పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క, అసిటోకార్మిన్ (క్రోమోజోములకు పట్టే ఎర్ర రంగు) రెండు మూడు చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద గోరువెచ్చగా చేయండి. మరగకూడదు, ఎండకూడదు. కణాలను అతికించే పెక్టిన్‌ను ఆమ్లమే వదులు చేస్తుంది. ఇది సరిగా జరగకపోతే కణాలు పొరలు పొరలుగా ఒకదానిపై ఒకటి పడి ఏదీ తేలదు. ఎక్కువైన రంగు అద్ది, చుక్క నీరు వేసి, కవర్ స్లిప్ పెట్టి పెన్సిల్ మొద్దు కొనతో తట్టండి. ఆపైన అద్దుడు కాగితం ఉంచి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. వేలు పక్కకు జారిందా, కణాలు చుట్టుకుపోతాయి.

అన్నీ కుదిరినా ఎక్కువ కణాలు అంతర్దశలోనే, అంటే ఇంకా చీలడం మొదలుపెట్టని స్థితిలోనే ఉంటాయి. అది మీ తప్పు కాదు.

ప్రశ్న: ఉల్లికి 16 క్రోమోజోములు కదా, చలనదశలో 16 అని రాయాలా, 32 అని రాయాలా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: 32. చలనదశ అంటే ప్రతి క్రోమోజోములోని రెండు పోగులు, అంటే క్రోమాటిడ్లు, విడిపోయి కణం రెండు కొసలకు (ధ్రువాలకు) కదిలే దశ. విడిపోగానే ఒక్కొక్కటీ ఒక క్రోమోజోమే. ధ్రువానికి 16 చొప్పున చేరతాయి. ఎనిమిదేసి అని రాసేవాళ్లు క్రోమోజోముల సంఖ్య సగమయ్యే క్షయకరణ విభజనతో కలగాపులగం చేస్తున్నారు. డీఎన్‌ఏ మొత్తం మాత్రం దానికి ముందున్న మధ్యస్థ దశలో ఉన్నంతే.

ప్రశ్న: బత్తాయి గింజ పెడితే ఒక్కదాంట్ల రెండు మూడు మొలకలొస్తున్నయి. అన్నీ తల్లి తీరుగనే కాస్తయా?
– రైతు, కనగల్

జవాబు: దాదాపు అన్నీ. ఒక మొలక పుప్పొడి కలిసి పుట్టి ఉండొచ్చు. మిగతావి గింజగా మారే అండంలోని తల్లి కణజాలం నుంచి, పై ఉల్లివేరులో చూసిన సమవిభజనతోనే (కణం తనలాంటి రెండు కణాలుగా చీలడం) పుడతాయి. వాటిలో తండ్రి వాటా లేదు. నారింజ గింజలో ఇలా ఒకటికి మించి పిండాలుండడం లీవెన్‌హాక్ 1719లోనే గమనించాడు. పంపరపనసకు ఈ గుణం లేదు, గింజకు ఒకటే మొలక.

పుప్పొడి కలిసి పుట్టిన మొలకను కంటితో కచ్చితంగా పట్టలేం. నర్సరీలో మరీ గిడసబారినవి, ఆకు తేడాగా ఉన్నవి పీకేయండి. వేరుమూలానికి (అంటు కట్టే అడుగు మొక్కకు) వాడే రంగపూర్ నిమ్మకూ ఇదే పద్ధతి; మొక్కలు ఒకే తీరుగా వచ్చేది అందుకే.

అయితే తల్లి గుణమే వచ్చిందని గింజ మొక్కలతోనే తోట పెట్టకండి. ముళ్లు ఎక్కువ, నిటారుగా పెరిగి కాపుకు చాలా ఏళ్లు తీసుకుంటాయి. పైగా బత్తాయి సొంత వేరు మొదలు కుళ్లుకు తట్టుకోదు. కాపు కాస్తున్న మంచి చెట్టు కన్ను తీసి రంగపూర్ మీద అంటు కట్టించండి. ఇక వేరుమూలానికి గింజలు పెట్టేటప్పుడు, పండు నుంచి తీసి కడిగిన వెంటనే నాటండి. ఎండబెట్టిన గింజకు మొలక తగ్గుతుంది.