పలమనేరు టమాటా తిరుపతి వంటింటికి వచ్చేదాకా

తోట దగ్గర కిలో 10 రూపాయలున్న టమాటా తిరుపతిలో రెట్టింపు ఎందుకవుతుందని అడిగారు. దారిలో చేతులు చాలా మారతాయి కాబట్టి.

పలమనేరు, మదనపల్లె వైపు దూరం పంపే కాయను పూర్తిగా పండనివ్వరు. అడుగున కాస్త రంగు తిరగగానే కోసేస్తారు. కాయలోనే పుట్టే ఇథిలిన్ వాయువు వల్ల మిగతాది దారిలో పండుతుంది. క్రేట్లకెత్తి మండీకి తెస్తే అక్కడ వేలం. కొనేవాళ్లు పైవరస కాయ ఒకటి తీసి, ఒత్తి చూసి, పాట పాడతారు. నెలల కష్టానికి ధర తేలేది నిమిషాల్లో! ఆపైన కమీషన్, హమాలీ కూలి, బండి బాడుగ, చిల్లర వ్యాపారి లాభం. నలిగి పారేసిన కాయల నష్టం కూడా మన కిలోలోనే కలుస్తుంది.

1999లో మొదలైన రైతుబజార్లలో ఈ మధ్యవర్తుల చేతులు తగ్గుతాయి. అయితే పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కాక మిగిలేది ఏరేసిన సరుకే.

ఇంటికొచ్చాక దోరకాయల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే సరిగా పండవు, రుచీ పోతుంది. బయట బుట్టలో పరిస్తే రెండు మూడు రోజుల్లో ఎర్రబడతాయి. మరీ పచ్చివైతే పచ్చడికి బాగుంటాయి.