అమ్మానాన్నలకి బొగ్గు ఇంజను రైలు చూపించాలంటే

"అమ్మావాళ్లు లండన్ వస్తున్నారు, ఆవిరి రైలు ఎక్కిద్దామనుకుంటున్నాం, మాకింకా కారు లేదు, ఎక్కడికెళ్లాలి?" కొత్తగా వచ్చినవాళ్లు ఏటా అడిగే ప్రశ్నే ఇది. ససెక్స్‌లోని బ్లూబెల్ రైల్వేకి వెళ్లండి. లండన్ విక్టోరియా స్టేషన్లో మామూలు రైలెక్కితే దాదాపు గంటకి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్. అక్కడ నాలుగడుగులు వేస్తే పాత రైలు ప్లాట్‌ఫాం. మీ మామూలు రైలు టికెట్టు ఇక్కడ చెల్లదు, వేరే కొనుక్కోవాలి. బండ్లు రోజూ ఉండవు, కొన్నిటికి డీజిల్ ఇంజను తగిలిస్తారు. ఆవిరిదే అని చూసుకున్నాకే టికెట్టు కొనండి.

సర్కారు 1958లో మూసేసిన లైను ఇది. 1960లో ఔత్సాహికులు ఓ ముక్క తెరిచారు. షెఫీల్డ్ పార్క్ నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా 11 మైళ్లూ కలిసేసరికి 2013 వచ్చింది. గుట్టని తొలిచి పట్టాలు వేసిన ఒకచోట, లైను మూతపడ్డాక ఊళ్ల చెత్త తెచ్చి నింపేశారు మరి! అదంతా తవ్వి, చాలామటుకు రైళ్లలోనే తరలించారు. ఆ దారినే మీరు వెళ్తారు.

కొన్ని పాత పెట్టెల్లో బాత్రూం ఉండదు, స్టేషన్లోనే వెళ్లి రమ్మనండి. కొన్ని తలుపులు లోపల్నుంచి తెరుచుకోవు. అద్దం దించి, బయటికి చెయ్యి పెట్టి పిడి తిప్పాలి. పెద్దవాళ్లని కంగారు పడొద్దనండి, గార్డు వచ్చి తీస్తాడు. సొరంగం వచ్చేముందు కిటికీ వెయ్యకపోతే పెట్టె నిండా పొగే. లేత రంగు చీరలు వద్దు.

దార్లో హోర్‌స్టెడ్ కీన్స్‌లో దిగి పులిహోర డబ్బా విప్పండి. అసలు సరదా మాత్రం షెఫీల్డ్ పార్క్ ఇంజన్ల షెడ్డులోనే. 1872 నాటి ఫెన్‌చర్చ్ ఇంజను ఈ రైల్వేదే. ఇక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు, అడిగితే ఓపిగ్గా చెబుతారు. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్లు 1995 దాకా నడిచాయి కనక, మీ నాన్నగారికి వీటి సంగతి మీకంటే బాగా తెలిసుంటుంది. ఆయన్ని డ్రైవరుతో మాట్లాడనివ్వండి. ఇంగ్లీషు తడబడితే అందించండి చాలు, మధ్యలో దూరకండి.

ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో వెళ్తే చెట్లకింద నీలం పూలు కనిపిస్తాయి. కొయ్యొద్దని పిల్లలకి ముందే చెప్పండి. తిరుగు బండి వేళ మాత్రం దిగగానే రాసుకోండి. ఆఖరిది తప్పిపోతే కారు లేనివాళ్లకి ఆ పల్లెటూళ్లో టాక్సీయే గతి.